పేర్లు లేని మహజరుతో గిద్దలూరు దాకా

గిద్దలూరు ఎవరూ చూడడానికి వెళ్లే ఊరు కాదు. పని ఉంటే వెళ్తారు, పని అయినా కాకపోయినా సాయంత్రం రైలుకు తిరిగొస్తారు. మొన్న కార్తీకంలో నేను అలాంటి పని మీదే, పది నెలల పాపను చంకన వేసుకుని, మార్కాపురం నుంచి కంభం మీదుగా అక్కడికి వెళ్లొచ్చాను. పాప నిద్రపోయాక కూర్చుని ఇది రాస్తున్నాను. ఆ ఊళ్లలో ఆడవాళ్లు ఈ మధ్య రోజులెలా వెళ్లదీస్తున్నారో ఆ వైపు ఎప్పుడూ వెళ్లనివాళ్లకు తెలియాలని నా కోరిక. మేము ఇచ్చి వచ్చిన కాగితానికి ఢిల్లీ నుంచి ఇంతవరకు జవాబు లేదు. ఆ సంగతి మొదటే చెప్పేస్తున్నాను.

మా పుట్టిల్లు గుంటూరు. బి.ఏ. అక్కడే చదివాను. పెళ్లయి మార్కాపురం వచ్చాను. మా మామగారిది పలకల దుకాణం. మా వారు చైనా యుద్ధం తర్వాత, ఇంట్లో అందరూ వద్దంటున్నా, మిలిటరీలో వైర్‌లెస్ పనికి చేరారు. "పలకలమ్ముకునే ఇంట్లో పుట్టినోనికి తుపాకీ ఏంది నాయనా" అని మా అత్తగారు ఇప్పటికీ అంటూనే ఉంటారు. పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు ఆయన పంజాబు సరిహద్దులో ఉన్నారు. కాల్పులు ఆపారని రేడియోలో చెప్పాక ఒక్క ఉత్తరం వచ్చింది. బాగున్నాను, పాప జాగ్రత్త, ఇక్కడ చలి ఎక్కువ, ఎప్పుడు వదులుతారో తెలియదు. అంతే.

కాల్పులు ఆగాయి గానీ యుద్ధం ముగియలేదు. రెండు సైన్యాలూ తవ్వుకున్న గుంతల్లో ఎదురెదురుగా అలాగే కూర్చుని ఉన్నాయి. ఈ వైపు పల్లెల్లో ఇంటికొకరు మిలిటరీలో ఉంటారు. వాళ్ల తల్లులూ భార్యలూ మా అరుగు మీదికి ఉత్తరాలు రాయించుకోవడానికి వస్తుంటారు. అందులో ఓబులమ్మ ఒకతె. ఇద్దరు కొడుకులూ సైన్యంలోనే. ఒకరోజు చెప్పాల్సినదంతా చెప్పి, నేను ఉత్తరం మడుస్తుంటే అడిగింది.

"అమ్మాయా, ఈ ఉత్తరాలు మా పిల్లోళ్లకు రాపిచ్చుకుంటే ఏం లాభం? వాళ్ల చేతిలో ఏముండాది? చాలు, కూచోని మాట్లాడుకోండి అని చెప్పేటోళ్లు ఇంకెవురో ఉండారు గదా. వాళ్లకు రాద్దాం."

అలా పుట్టింది మా మహజరు, అందరం కలిసి పెట్టుకునే అర్జీ. పార్లమెంటు మెంబరుగారు రక్షణ నిధి సభకు గిద్దలూరు వస్తున్నారనీ, అక్కణ్నుంచి ఢిల్లీ సమావేశాలకు వెళ్తారనీ తెలిసింది. ఆయన చేతికే ఇవ్వాలనుకున్నాం. "ఈ యుద్ధాన్ని మాటలతో పూర్తిగా ముగించండి. పట్టుబడినవాళ్లను ఇరువైపులా విడిపించండి. మా మనుషులను ఇళ్లకు పంపండి" అని నేనే రాశాను. కింద గళ్లు గీశాను. ఒక గడిలో సంతకమో వేలిముద్రో. పక్క గడిలో సైన్యంలో ఉన్న భర్త లేక కొడుకు పేరు.

ఆ రెండో గడి ఎంత పని చేస్తుందో అప్పుడు నాకు తట్టలేదు.

మార్కాపురం రోడ్డు

మార్కాపురం పేరుకే రైలు ఊరు. మార్కాపురం రోడ్డు అనే స్టేషను ఎక్కడో దూరంగా ఉంటుంది. జట్కాలో వెళ్తుంటే పాపకు దుమ్ము పడకుండా కొంగు కప్పడం, ఊపిరాడుతుందో లేదో అని మళ్లీ తీయడం, దారంతా ఇదే నా పని. ఫ్లాస్కులో కాచిన నీళ్లు, సీసాలో పాలు, జ్వరం మాత్రలు, అత్తగారు కట్టిచ్చిన తాయెత్తు, అన్నీ ఉన్నాయి. అయినా ఏదో మరిచిపోయాననే గుబులు. "పోలీసులు పట్టుకుంటే పిల్లనేం చేస్తావు?" అని అత్తగారు గడపలో అడిగారు. మామగారు మాత్రం, "అడుక్కునేదానికి పోలీసులెందుకు" అని దుకాణానికి వెళ్లిపోయారు.

ఓబులమ్మ, నేను కాక మూడో మనిషి ఖాసింబీ. మార్కాపురంలోనే మా వెనక వీధి. కొడుకు మిలిటరీ లారీ తోలతాడు. ఆమె తెలుగూ మాట్లాడుతుంది, ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూ కలుపుతుంది. యుద్ధం మొదలైనప్పటి నుంచి ఉర్దూ కాస్త తగ్గించింది.

రైలులో మా ఎదురుగా ఒక వేరుశనగ వ్యాపారి కూర్చున్నాడు. మేమెక్కడికి వెళ్తున్నామో విని, ఖాసింబీ వైపు చూసి నవ్వాడు.

"అయితే ఏమ్మా, మీవోడు ఆ పక్కోళ్ల మీద తుపాకీ ఎత్తుతాడంటావా?"

పెట్టెలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఖాసింబీ తమలపాకుకు సున్నం రాయడం మానలేదు.

"మావోడు తుపాకీ ఎత్తడు నాయనా. లారీ తోల్తాడు. రొట్టెలు, పప్పు మోస్తాడు. ఆ రొట్టెలు తినేటోళ్లలో నీవోళ్లు ఎంతమంది ఉండారో చెప్పు. వాళ్లకు పెట్టొద్దురా అని జాబు రాపిస్తా."

"మావోళ్లెవరూ మిలిటరీలో లేరమ్మా."

"మరి నీకేంది తొందర?" అంది ఓబులమ్మ.

కాసేపటికి అతను సంచీ విప్పి మా ముగ్గురి ఒళ్లలో తలా గుప్పెడు కాయలు పోశాడు. మంచివాడే. నేను మహజరు తీసి చూపించి, సంతకం చేస్తారా అని అడిగాను. వ్యాపారం చేసుకునేవాళ్లం, గవర్నమెంటుతో పెట్టుకోలేం అన్నాడు. అతను తర్లుపాడులో దిగిపోయాక ఓబులమ్మ పొట్టు ఊదుతూ, "కాయలిచ్చినాడు గానీ ఏలు ఇయ్యలా" అంది. ఖాసింబీ నవ్వింది. ఆ తర్వాత చాలాసేపు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

కంభం

కంభం చెరువు గురించి పెళ్లయినప్పటి నుంచి వింటున్నాను. నేను చూసినప్పుడు నీళ్లు సగానికి కూడా లేవు. ఈ ఏడు వానలు సరిగా పడలేదు. కొండల మధ్య ఉండాల్సిన నీళ్లు లోపలికి ముడుచుకుపోయి, చుట్టూ ఎండిన బురద పలకలు పలకలుగా పగిలి ఉంది. అయినా ఆ కట్ట మీద నిలబడితే కాలవ నీళ్ల గుంటూరులో పుట్టినదాన్ని నేను కూడా కళ్లప్పగించి చూశాను. ఇంత కట్టకు ఎంతమంది మట్టి మోసి ఉంటారో అనిపించింది. సీతాఫలాల రోజులైపోతున్నా ఇంకా వస్తున్నాయి. నల్లమల నుంచి తట్టల్లో తెస్తారు. రూపాయి పెడితే పిల్లలు పొట్ట పట్టుకునేంత. బియ్యం మాత్రం రూపాయి పెట్టినా సేరు రావడం లేదు. కాఫీ పదిహేను పైసలు, అందులో కాఫీ ఎంతో చెప్పలేను.

చెరువు కింద ఒక పల్లెలో మా కోసం ఆడవాళ్లు ఒక పంచలో చేరారు. అక్కడ నా గళ్ల కాగితం ఆగిపోయింది.

భర్త పేరు నోటితో అనకూడదు. అంటే అతని ఆయుష్షు తగ్గుతుంది. ఇది గుంటూరులోనూ ఉంది. మా అమ్మ కూడా నాన్న పేరు ఎన్నడూ అనలేదు. కానీ అక్కడ అదొక సిగ్గు, ఒక మురిపెం. పెళ్లిళ్లలో గడపకు అడ్డంగా నిలబడి పేరు చెప్పిస్తారు, అందరూ నవ్వుతారు. ఈ పల్లెలో ఎవరూ నవ్వలేదు. మొగుడు గుంతలో కూర్చున్నాడు, ఎదురుగా తుపాకీ ఉంది. ఈ సమయంలో అతని ఆయుష్షులోంచి గింజంత కూడా తీయడానికి ఎవరు ఒప్పుకుంటారు?

వేలిముద్ర వేసేవాళ్లు గబగబా వేశారు. పేరు దగ్గర నిలిచిపోయారు.

"తిరపతి కొండమీదాయన పేరే" అంది ఒకామె.

"యెంకటేశ్వర్లా?" అన్నారు పక్కవాళ్లు.

"కాదు."

"శీనివాసులా?"

తలూపింది. నేను రాసుకున్నాను. ఇంకొకామె మూడేళ్ల కొడుకును ముందుకు తోసి, "మీ నాయన పేరేందో అక్కకు చెప్పరా" అంది. వాడు నన్ను ఎగాదిగా చూసి, "నాయన" అన్నాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అత్తలు దగ్గరుంటే చిక్కు లేదు. తల్లి కొడుకు పేరు అనవచ్చు. కన్నవాళ్ల నోటికి దోషం లేదంటారు. అత్తలు లేనివాళ్ల గడిలో చివరికి "రమణమ్మ పెనిమిటి", "పెద్దోడి నాయన" అని రాశాను. వాళ్లకు అది సరిపోయింది. ఢిల్లీలో ఎవరికి అర్థమవుతుందో నాకు తెలియదు. మా వారి పేరు నేను మార్కాపురంలోనే కలంతో రాసి పెట్టుకున్నాను. రాయడానికి అడ్డం లేదు, నోటికే.

లక్ష్మమ్మ ఇల్లు

ఆ రాత్రికి లక్ష్మమ్మ ఇంట్లో ఆగాం. ఓబులమ్మకు దూరపు చుట్టం. ఆమెకు ఒక్కడే కొడుకు. కోడలు సుబ్బులుకు పద్దెనిమిది దాటి ఉండవు. పోయిన ఎండాకాలం పెళ్లి. పెళ్లయ్యాక అతను ఉన్నది ఒక్క చుట్టీ. సెలవును ఇక్కడ అందరూ చుట్టీ అనే అంటారు, చదువు రానివాళ్లు కూడా. యుద్ధం మధ్యలో తంతి వచ్చింది. మీ వాడు కనబడుట లేదు అని.

జొన్న సంగటి, గోంగూర పెట్టింది లక్ష్మమ్మ. పాపకు మజ్జిగన్నం తానే పిసికి పెట్టింది. మహజరు సంగతి ఓబులమ్మ ఎత్తగానే చెయ్యి ఆపింది.

"నన్ను అడగొద్దు వదినా."

"అడిగేది నిన్ను కాదే, సర్కారును. పట్టుకపోయినోళ్లలో ఉండాడేమో చూడమని."

"కనబడలేదన్నారు. పోయినాడని అనలా. అట్లనే ఉండనీ. మీరు పోయి అడిగితే వాళ్లు ఎతుకుతారు. ఎతికితే ఏదో ఒకటి చెప్తారు. నాకు చెప్పొద్దు."

సుబ్బులు గోడకు ఆనుకుని నా పాప కాళ్లు నొక్కుతూ కూర్చుంది. ఆమె నుదుట బొట్టు ఉంది, చిన్నది. ఊళ్లో కొందరు తియ్యాలంటారట, కొందరు వద్దంటారట. ఆమె చిన్నది చేసుకుంది. లక్ష్మమ్మ లోపలికి వెళ్లాక నన్ను మెల్లగా అడిగింది.

"అక్కా, యుద్ధం అయిపోతే దొరికినోళ్లను ఇడుస్తారంట గదా?"

"విడుస్తారు. వాళ్లవాళ్లను మనం, మనవాళ్లను వాళ్లు."

"అయిపోకపోతే?"

"అప్పటిదాకా ఉంచుకుంటారు."

"అన్నం పెడతారా?"

పెడతారని చెప్పాను. పత్రికలో చదివాననీ చెప్పాను. నిజానికి అది ఎక్కడా చదవలేదు.

మర్నాడంతా ఆ చుట్టుపక్కల పల్లెలు తిరిగాం. ఆ మరుసటి మధ్యాహ్నం మేము స్టేషనుకు బయలుదేరితే, ఊరి చివర చిన్న మూటతో సుబ్బులు నిలబడి ఉంది.

"మీ అత్తకు చెప్పినావా?" అంది ఓబులమ్మ.

"చూసింది. పోవద్దనలా. పొమ్మనలా."

గిద్దలూరు, సోమవారం

మేము చేసిన పొరపాటు సోమవారం చేరడం. తిండిగింజలు చాలక దేశమంతా సోమవారం రాత్రి భోజనం మానాలని ప్రభుత్వం అడిగింది గదా. మార్కాపురంలో మా ఇంట్లోనూ మానుతాం, కానీ పొయ్యి ఉంటుంది, పాలు కాచుకుంటాం. గిద్దలూరు బజారులో దీపాలు పెట్టే వేళకు ఒక్క హోటలు తలుపు తెరిచి లేదు. కార్తీక సోమవారం, ఎట్లాగూ ఉపవాసమే అంది ఓబులమ్మ. మాకు సరే. పాపకు ఏ వారమైనా ఒకటే. సీసా పాలు విరిగిపోయాయి. అది ఏడుస్తుంటే ఆ వీధిలో నేను తలుపులు కొట్టుకుంటూ వెళ్లాను. ఇంతమంది తల్లుల కోసం వచ్చానని అనుకున్న మనిషిని, ఆ క్షణం నాకు ఎవరూ గుర్తులేరు. పాలు, పాలు, అంతే.

మూడో ఇంట్లోనో నాలుగో ఇంట్లోనో ఒక పెద్ద మీసాల ముసలాయన తలుపు తీశాడు. మిలిటరీ పెన్షన్‌దారు. చూడగానే తెలుస్తుంది, పంచె కూడా ఇస్త్రీ చేసినట్టు కడతారు వాళ్లు. ఆయన భార్య నన్నేమీ అడగకుండా పాపను లాక్కుని లోపలికి వెళ్లి గిన్నెతో పాలు పట్టించింది. తర్వాత మా నలుగురికీ ఉలవచారు, కొర్రన్నం పెట్టింది.

"సోమవారం గదమ్మా" అన్నాను.

"సర్కారు మానమనింది బియ్యం. కొర్రలు కాదు" అంది.

ముసలాయన మంచం మీద కూర్చుని మహజరు సంగతంతా విన్నాడు. ఆయనకు నచ్చలేదు.

"యుద్ధమంటే సంత బేరం కాదు, ఆడోళ్లు పోయి ఆపేదానికి. నేను బర్మాలో ఉన్నప్పుడు మా అమ్మ ఎవరినీ అడగలా. గమ్మున ఉండింది."

లోపల్నుంచి భార్య గొంతు వచ్చింది. "అప్పుడు యెవురుండారు అడిగేదానికి? దొరలు. దొరల్ని యాడ పట్టుకుంటాం? ఇప్పుడు మనం ఓటేసినాయన మన ఊరికే వస్తాండాడు. అడగరా మరి?"

"నువ్వు ఊరుకో."

"మీ అమ్మ గమ్మున ఉండలా. చింత చెట్టు కింద కూచోని ఏడ్సేది. నువ్వు లేవు, నువ్వు చూడలా. నేను చూసినా."

ఆయన మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. ఆమె తడి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి బొటనవేలు చాచింది. మీవాళ్లెవరైనా ఇప్పుడు సైన్యంలో ఉన్నారా అని అడిగాను. కొడుకులు లేరంది. "ఈయన పేరే రాసుకో. ఈయన ఇంకా యాడ వచ్చినాడు? రాత్రిళ్లు లేచి కూచుంటాడు" అంది. పేరేమిటంటే మూలనున్న రేకు పెట్టె చూపించింది. నల్ల రంగు మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలతో హోదా, పేరు రాసి ఉన్నాయి. నేను దీపం దగ్గర పెట్టుకుని చూసి రాసుకున్నాను. సుబ్బులు ఆ అక్షరాల మీద వేలు పెట్టి, ఇందులో పేరు ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా అని అడిగింది. చూపించాను. "మా ఇంటాయన పెట్టె ఆయనతోనే పోయింది" అంది.

బంగళా

మెంబరుగారు దిగిన బంగళా చుట్టూ పొద్దున్నే జనం. రక్షణ నిధికి కొందరు నోట్లు, కొందరు ఉంగరాలు ఇస్తున్నారు. ఒకామె చేతి గాజులు తీసి ఇస్తుంటే చప్పట్లు కొట్టారు. పూలదండలు, ఫోటో తీసే ఆయన. మేము వేపచెట్టు నీడ జరిగినకొద్దీ జరుగుతూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. పాప ఒళ్లు కాస్త వెచ్చగా అనిపించింది. ఎండకా, జ్వరమా? ఖాసింబీ చెయ్యి పెట్టి చూసి ఎండకే అంది. ఓబులమ్మ చెయ్యి పెట్టి ఏమీ లేదంది. నేను మాత్రం పది నిమిషాలకోసారి చూస్తూనే ఉన్నాను.

చివరికి లోపలికి పిలిచారు. మెంబరుగారు పెద్దాయన, అలసిపోయి ఉన్నారు. ఖద్దరు చొక్కా చెమటకు వీపుకు అతుక్కుంది. మమ్మల్ని కూర్చోమన్నారు, మజ్జిగ ఇప్పించారు. మహజరు మొత్తం చదివారు. మంచి మనిషే. అందుకే ఆయన అన్న మాట ఇంకా బరువుగా ఉంది.

"అమ్మా, మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఇప్పుడు దేశమంతా ఒక ఊపులో ఉంది. యుద్ధం ముగించండి అన్న కాగితం నేను సభలో చూపిస్తే రాళ్లు నా మీద పడతాయి, తర్వాత మీ మీద. ఒక పని చేయండి. ఆ మొదటి మాట కొట్టేసి, కుటుంబాలకు అలవెన్సు పెంచమని రాయండి. అది తప్పకుండా ఇస్తాను."

ఓబులమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది.

"అయ్యా, మేం కూలి పెంచమని రాలా."

"తప్పేముందమ్మా అడిగితే?"

"తప్పు లేదు. ఇంకోసారి అడుగుతాం. నువ్వు ఎలచ్చన్లకు మా పల్లెకు వచ్చినావు. అప్పుడు మా మగపిల్లోళ్లు యాడుండారు? పల్టన్లో ఉండారు. ఆ పొద్దు మేమే నిలబడి ఓటేసినాం. మా బిడ్డలను యెవురికన్నా ఎదురుగా కూచోబెట్టమని వెయ్యలా. నీకు రాళ్లు పడతాయంటే నిజమే, పడతాయి. మా పిల్లోళ్లకు పడేవి రాళ్లు కాదు గదా."

ఆయన కాగితం మళ్లీ చూశారు. కొట్టేయమని మళ్లీ అనలేదు.

"సరే. ఇట్లాగే తీసుకెళ్తాను. ఎవరి చేతిలో పెడతానో, ఏమవుతుందో మాట ఇవ్వలేను." పేర్ల వరుస మీద వేలు ఆగింది. "ఇదేమిటి, రమణమ్మ పెనిమిటి, పెద్దోడి నాయన? ఇవి ఎవరికి తెలుస్తాయమ్మా?"

సంగతి చెప్పాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. "పట్టుబడినవాళ్ల గురించి మాత్రం పేరు లేకుండా అడగలేను. కనబడనివాడు ఎవరికైనా ఉన్నాడా?"

అందరం సుబ్బులు వైపు చూశాం.

"అత్తగారు వచ్చారా?" అన్నారు. రాలేదన్నాను. పక్కనే గుమస్తా కాగితం, కలం పట్టుకుని ఉన్నాడు. ఓబులమ్మకు ఆ అబ్బాయి ఇంటి పేరు, ముద్దు పేరు తప్ప మిలిటరీలో రాయించుకున్న పేరు తెలియదు. నాకు తెలియదు. తంతి లక్ష్మమ్మ ఎక్కడో దాచింది. ఆ గదిలో ఆ పేరు తెలిసిన మనిషి ఒక్కతే ఉంది.

"నా పేరు చెప్పమంటే చెప్తా, నా పేరయితే ఏం గాదు" అంది సుబ్బులు ఎవరితోనో తెలియకుండా. తర్వాత కొంగు చివర రెండు చేతులతో పట్టుకుంది.

"కాశయ్య" అంది.

గుమస్తాకు వినబడలేదు. "గట్టిగా చెప్పమ్మా."

"కాశయ్య."

"ఇంటి పేరు?"

"పాలుగుళ్ల."

"పాలుగుళ్ల కాశయ్యా, చిన కాశయ్యా? అట్లాంటివి రెండు మూడు ఉంటాయి. సరిగ్గా చెప్పు."

అతని తప్పేమీ లేదు. సరిగ్గా రాసుకోవాలనే అడిగాడు. కానీ ఆమె ప్రతిసారీ ముందు ఊపిరి తీసుకుని, కళ్లు మూసుకుని చెప్పింది. "పాలుగుళ్ల చిన కాశయ్య." ఖాసింబీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గుమస్తా రాసింది చదివి వినిపించి, అంతేనా అని అడిగాడు. అంతేనంది.

మెంబరుగారు నా వైపు తిరిగారు. "మీవారు ఎక్కడున్నారమ్మా? పేరు?" నేను కాగితం మీద వేలు పెట్టి చూపించాను. ఆయన చదువుకున్నారు. పైకి చెప్పమనలేదు.

తిరుగు రైలు

రైలులో పాపకు నిజంగానే జ్వరం లేదు. సుబ్బులు ఒళ్లో పడుకుని ఆమె నల్లపూసలతో ఆడుకుంటోంది. స్టేషన్లో కొన్న మిరపకాయ బజ్జీలు పొట్లంలో చల్లారిపోయాయి. ఓబులమ్మ కూర్చునే నిద్రపోయింది. సోమిదేవిపల్లె దాటాక సుబ్బులు అడిగింది.

"అక్కా, ఒకసారి చెప్తే ఎంత తగ్గుద్దో?"

"తగ్గదు. అదంతా ఊరికే అనుకునేది."

"మూడుసార్లు చెప్పిచ్చినాడు."

"తగ్గదమ్మా."

"అయితే నువ్వు చెప్పు."

కాలేజీలో నేను ఈ ఆచారం మీద ఒక వ్యాసం రాసి బహుమతి తెచ్చుకున్నాను. ఇప్పుడు రైలు చప్పుడులో, ఎవరూ వినని చోట, నాలుక పైకి లేవలేదు. పంజాబులో చలి ఎక్కువ అని రాసిన మనిషి కళ్ల ముందు నిలబడ్డారు. సుబ్బులు నా ముఖం చూసి, "వద్దులే అక్కా" అంది. ఆ జాలి నేను భరించలేకపోయాను. చెప్పాను. ఒక్కసారే, ఆమె చెవి దగ్గర. ఆమె తలూపి, బాగుంది పేరు అంది. కంభం దాకా నాకు గుండె దడ తగ్గలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ, పోస్టు రాని రోజున, తగ్గదు.

కంభంలో సుబ్బులు దిగాలి. చీకటి పడింది. ప్లాట్‌ఫాం మీద ఒకే దీపం. దాని కింద లక్ష్మమ్మ నిలబడి ఉంది. ఊరి నుంచి ఒక్కతే నడిచి వచ్చినట్టుంది, కాళ్ల నిండా దుమ్ము. ఏ రైలుకు వస్తామో మేము చెప్పనే లేదు. కోడలి వైపు చూడలేదు. మా కిటికీ దగ్గరికి వచ్చింది.

"అడిగినారా?" అంది ఓబులమ్మను.

"అడిగినాం."

"ఏమన్నారు?"

"ఢిల్లీలో కనుక్కుంటామన్నారు. పేరు రాసుకున్నారు."

"యెవురు చెప్పినారు పేరు?"

సుబ్బులు తల దించుకుంది. ఓబులమ్మ అబద్ధం చెబుతుందేమోనని నేననుకున్నాను, నేనైనా చెప్పి ఉండేదాన్ని. సుబ్బులే, "నేనే అత్తా" అంది.

లక్ష్మమ్మ కొడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. గార్డు ఈల వేశాడు.

"తేదీ చెప్పినారా? ఏ పొద్దు కనబడకుండా పోయినాడో?" అంది.

"అది అడగలా" అన్నాను.

"తంతిలో ఉంది." ఆమె రవిక లోపల్నుంచి మడతలు పడి చెమటకు మెత్తబడిన కాగితం తీసింది. ఆ తంతిని ఇంతవరకు ఎవరికీ మళ్లీ చదవనివ్వలేదని సుబ్బులు చెప్పి ఉంది. కదులుతున్న రైలు పక్కనే నడుస్తూ కిటికీలోంచి నా చేతిలో పెట్టింది.

"ఇది కూడా పంపియ్యి అమ్మాయా. నా కొడుకు పేరు పాలుగుళ్ల చిన కాశయ్య. కుడి చేతి మీద కాలిన మచ్చ ఉంటది, అది కూడా రాయి."